1789 వర్జీనియా కాంగ్రెస్ ఎన్నిక: మాడిసన్‌ను ఓడించడానికే అయిదవ నియోజకవర్గాన్ని గీశారా?

తాళపత్రం:

అందరికీ నమస్కారం. పాలకపక్షం తనకు అనుకూలంగా నియోజకవర్గాల హద్దులు గీసుకోవడాన్ని అమెరికాలో జెర్రీమాండర్ అంటారు. మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ పేరు మీద ఈ మాట 1812లో పుట్టింది. అయితే మాట పుట్టడానికి ఇరవై మూడేళ్ల ముందే, మొట్టమొదటి కాంగ్రెస్ ఎన్నికలోనే, వర్జీనియాలో ప్యాట్రిక్ హెన్రీ ఆ పని చేశారని చాలా పుస్తకాలలో రాసి ఉంటుంది. ఇన్నేళ్లుగా నేనూ అదే నమ్మాను, ఇతరులకూ అదే చెప్పాను. ఈ మధ్య మళ్లీ చదువుతుంటే కొన్ని సందేహాలు కలిగాయి కాబట్టి ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

సందర్భం తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1788 జూన్ 25న వర్జీనియా సమావేశం కొత్త రాజ్యాంగాన్ని 89–79 ఓట్ల తేడాతో ఆమోదించింది. రాజ్యాంగం పక్షాన వాదించినవారిలో ముఖ్యుడు జేమ్స్ మాడిసన్, వ్యతిరేకించినవారికి నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ. సమావేశంలో ఓడిపోయినా శాసనసభలో మాత్రం హెన్రీ మాటకు ఎదురు లేదు. ఆ శరదృతువులో శాసనసభ ఇద్దరు సెనేటర్లను ఎన్నుకున్నప్పుడు రిచర్డ్ హెన్రీ లీకి 98, విలియం గ్రేసన్‌కు 86, మాడిసన్‌కు 77 ఓట్లు వచ్చాయి. అంటే సెనేట్ దారి మూసుకుపోయింది. ఆ తరువాత నవంబరులోనే ప్రతినిధుల సభ ఎన్నికలకు చట్టం చేసి రాష్ట్రాన్ని పది నియోజకవర్గాలుగా విభజించారు. మాడిసన్ సొంత కౌంటీ ఆరెంజ్‌ను ఆల్బెమార్ల్, ఆమ్‌హెర్‌స్ట్, కల్పెపర్, ఫ్లువానా, గూచ్‌లాండ్, లూయిసా, స్పాట్‌సిల్వేనియా కౌంటీలతో కలిపారు. వీటిలో అధిక భాగం రాజ్యాంగానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ప్రతినిధులను పంపిన కౌంటీలే. పోటీకి జేమ్స్ మన్రో దిగారు. (మన రాయలసీమవారికి తెలిసిన కలెక్టర్ సర్ థామస్ మన్రోకూ ఈయనకూ సంబంధం లేదు.) ఇద్దరూ మిత్రులు, ఇద్దరూ తరువాతి కాలంలో దేశాధ్యక్షులైనవారు.

ఇంతకీ నా ప్రశ్న ఇది: ఆ హద్దులు నిజంగా కుట్రతో గీసినవేనా, లేక ఎనిమిది కౌంటీలను ఏ రకంగా కలిపినా ఇంచుమించు అదే నియోజకవర్గం వచ్చేదా?

కృష్ణాతీరం:

తాళపత్రం గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నా అభిప్రాయం మొదటే చెబుతాను: హెన్రీకి మాడిసన్ మీద పగ ఉన్నది నిజం, హద్దులను వంకరగా గీశారన్నది మాత్రం నిలవదు.

పటం దగ్గర పెట్టుకుని చూడండి. 1812 నాటి మసాచుసెట్స్‌లో ఎసెక్స్ కౌంటీ చుట్టూ గీసిన సెనేట్ జిల్లా సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది కనుకనే దానికి రెక్కలూ గోళ్లూ తగిలించి బొమ్మ వేయగలిగారు. వర్జీనియా అయిదవ నియోజకవర్గానికి అటువంటి బొమ్మ వేయడం సాధ్యం కాదు. ఎనిమిది కౌంటీలూ ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉన్నాయి. ఏ కౌంటీనీ చీల్చలేదు. మాడిసన్ పట్ల స్నేహభావం ఉన్న కౌంటీలు పడమట షెనన్‌డోవా లోయలో ఉన్న మాట వాస్తవమే, అక్కడి ప్రతినిధులు దాదాపు అందరూ రాజ్యాంగాన్ని సమర్థించారు. కాని ఆ లోయకూ ఆరెంజ్‌కూ మధ్య బ్లూ రిడ్జ్ కొండలు అడ్డం. మట్టి రోడ్ల మీద గుర్రాలతో తిరిగే కాలంలో కొండకు ఇవతలి కౌంటీని అవతలి కౌంటీలతో కలిపి ఉంటే, అప్పుడే ఇది అసహజంగా ఉందని జనం అనేవారు.

ఇంకొక సంగతి. దేశంలో తొలి జనగణన 1790లో జరిగింది. 1788లో శాసనసభ ముందు కచ్చితమైన జనాభా అంకెలే లేవు. అయినా పది నియోజకవర్గాలలో అయిదవది మిగిలిన వాటి మధ్య ఎబ్బెట్టుగా కనిపించదు. మాడిసన్ మిత్రులు కుట్ర జరిగిందని ఉత్తరాలు రాసుకున్నారు, నిజమే. ఎన్నికకు ముందు భయపడుతున్నవారు రాసుకునే ఉత్తరాలను సాక్ష్యంగా తీసుకునేటప్పుడు మనం కొంత జాగ్రత్తగా ఉండాలి.

లెక్కల మాస్టారు:

ఊహలు ఎన్నైనా చేయవచ్చు గాని, ఈ ఎన్నికకు కౌంటీల వారీగా ఓట్ల లెక్క మనకు దక్కింది. ముందు దానిని చూద్దాం. మొదటి అంకె మాడిసన్‌ది, రెండవది మన్రోది.

ఆరెంజ్ 216 – 9
కల్పెపర్ 256 – 103
లూయిసా 228 – 124
ఆల్బెమార్ల్ 174 – 105
గూచ్‌లాండ్ 132 – 133
ఫ్లువానా 42 – 63
స్పాట్‌సిల్వేనియా 115 – 189
ఆమ్‌హెర్‌స్ట్ 145 – 246

మొత్తం మాడిసన్‌కు 1,308, మన్రోకు 972. మెజారిటీ 336. చెరి నాలుగు కౌంటీలూ గెలిచారు. గూచ్‌లాండ్‌లో తేడా ఒకే ఒక్క ఓటు.

ఇక్కడ నేను అందరినీ ఒక్క నిమిషం ఆగమంటాను. ఆరెంజ్, కల్పెపర్ రెండింటినీ పక్కన పెట్టి మిగిలిన ఆరు కౌంటీలను కూడండి. మాడిసన్‌కు 836, మన్రోకు 860 వస్తాయి. అంటే ఆ రెండు కౌంటీలు లేకపోతే మాడిసన్ 24 ఓట్లతో ఓడిపోయి ఉండేవారు. ఆరెంజ్ ఆయన సొంత గడ్డ, అక్కడ వచ్చిన ఆధిక్యంలో ఆశ్చర్యం లేదు. కాని కల్పెపర్? రాజ్యాంగ సమావేశంలో ఆ కౌంటీ ప్రతినిధులు ఇద్దరూ వ్యతిరేకంగా ఓటు వేశారు. మాడిసన్‌ను ముంచడానికని ఏ కౌంటీలను కలిపారని అంటున్నామో, వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఓట్లు ఇచ్చి ఆయనను ఒడ్డుకు చేర్చింది కల్పెపరే. కాబట్టి కుట్ర ఉంటే అది విఫలమైన కుట్ర. అంతకంటే ముఖ్యంగా, ప్రతినిధులు ఎలా ఓటు వేశారన్నదానిని బట్టి జనం ఎలా ఓటు వేస్తారో అంచనా వేయడం ఆనాడే తప్పింది.

లౌడన్ నుంచి:

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను. మన తెలుగువాళ్లు ఇక్కడ లౌడన్, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలలో వేల సంఖ్యలో ఉన్నా, రెండు గంటల దూరంలో ఉన్న ఈ చోట్లకు వెళ్లినవారు తక్కువ. మాస్టారు గారు కల్పెపర్ ప్రస్తావన తెచ్చారు కనుక నేను చూసిన ఒక చోటు గురించి చెప్పాలనిపించింది.

ఆనాటి కల్పెపర్ కౌంటీ ఇప్పటి కల్పెపర్ కంటే చాలా పెద్దది. 1792లో దానిలో నుంచి ఒక భాగాన్ని విడదీసి, మాడిసన్ కుటుంబం పేరు మీదే మాడిసన్ కౌంటీని ఏర్పాటు చేశారు. అక్కడ హెబ్రోన్ అనే లూథరన్ చర్చి ఉంది. జర్మనీ నుంచి వలస వచ్చినవారు 1740లో చెక్కతో కట్టుకున్న ప్రార్థనామందిరం అది, నేటికీ వాడుకలో ఉంది. మాడిసన్, మన్రో ఇద్దరూ కలిసి వెళ్లి మాట్లాడినది ఇక్కడేనని చెబుతారు.

ఆ రోజు సంగతిని మాడిసన్ ముసలితనంలో తన మిత్రుడొకరికి చెప్పగా ఆయన రాసి పెట్టుకున్నారు. ప్రార్థన ముగిసింది. ఆ జర్మన్లకు సంగీతమంటే ప్రాణం, రెండు ఫిడేళ్లు వాయించారు. అంతా అయిపోయాక అభ్యర్థులిద్దరూ బయటికి వచ్చి మాట్లాడారు. జనమంతా మంచులో నిలబడి, కదలకుండా, ఇద్దరి మాటలూ చివరిదాకా విన్నారట. సభ ముగిశాక మాడిసన్ ఆ రాత్రి పన్నెండు మైళ్లు గుర్రం మీద ప్రయాణం చేశారు. ఆ చలికి ఆయన ముక్కు మంచుకాటుకు గురైంది. ఆ మచ్చ జీవితాంతం ఉండిపోయింది, దానిని వేలితో చూపిస్తూ ఈ కథ చెప్పేవారట.

నేను వెళ్లినది జనవరిలోనే. ఆ చర్చి ముందు పది నిమిషాలు నిలబడేసరికి నా చేతివేళ్లు కొంకర్లు పోయాయి. ఒకరితో ఒకరు పోటీ పడుతున్న ఇద్దరు మనుషులు ఒకే దారిలో ప్రయాణం చేసి, ఒకే గుంపు ముందు నిలబడి, సుంకాల గురించీ సవరణల గురించీ వాదించుకుని మిత్రులుగానే తిరిగి వెళ్లారన్న సంగతి అక్కడ నిలబడినప్పుడు నాకు మరింత గాఢంగా తాకింది.

ఓరుగల్లు పాఠకుడు:

చాలా విషయాలు తెలుస్తున్నాయి, అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. ఎనిమిది కౌంటీలలో కలిపి 2,280 ఓట్లేనా? మా పక్కన ఒక పెద్ద గ్రామ పంచాయతీలో అంతకంటే ఎక్కువ ఓట్లు పోలవుతాయి. అసలు ఎవరికి ఓటు ఉండేది, ఎలా వేసేవారు?

కృష్ణాతీరం:

పాఠకుడు గారూ, ఓటు హక్కు భూమిని బట్టి ఉండేది. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన తెల్లజాతి పురుషుడై, ఇల్లు కట్టిన పాతిక ఎకరాలో, సాగులోకి రాని యాభై ఎకరాలో, పట్టణంలో ఇల్లున్న స్థలమో సొంతానికి ఉండాలి. స్త్రీలకు లేదు. బానిసలకు లేదు. కౌలురైతుకు, కూలికి లేదు.

ఓటు వేయడం కూడా మనకు అలవాటైన రహస్య పద్ధతిలో కాదు. కౌంటీ న్యాయస్థానానికి వచ్చి, షెరీఫ్ ఎదుట నిలబడి, ఫలానావారికి నా ఓటు అని అందరికీ వినబడేలా నోటితో చెప్పాలి. గుమస్తా రాసుకుంటాడు. అభ్యర్థులు అక్కడే కూర్చుని ఉంటే, ఓటు అందుకున్నవారు లేచి కృతజ్ఞత చెప్పడం మర్యాదగా ఉండేది. భూస్వామి ముందు, అప్పిచ్చినవాడి ముందు, ఇరుగుపొరుగుల ముందు ఓటు చెప్పవలసిన పద్ధతి అది. ఓటర్లకు మద్యం పోయించడం కూడా ఆనవాయితీ. 1777లో రాష్ట్ర శాసనసభకు పోటీ చేసినప్పుడు మాడిసన్ ఆ పని చేయనని పట్టుపట్టి ఓడిపోయారు. పన్నెండేళ్ల తరువాత ఆయన ఊరూరా తిరిగి మాట్లాడవలసి రావడం వెనుక ఆ అనుభవం కూడా ఉందని నేననుకుంటాను.

1789 ఫిబ్రవరి 2న రాష్ట్రమంతటా ఒకే రోజు పోలింగ్ జరిగింది. నేల మీద మంచు పేరుకుని ఉన్న రోజులవి. ఆమ్‌హెర్‌స్ట్ వంటి పెద్ద కౌంటీలో మారుమూలన ఉండే రైతు కౌంటీ కేంద్రానికి చేరాలంటే ఆ పూటంతా ప్రయాణానికే సరిపోయేది.

న్యాయపాఠి:

ఇప్పటివరకు అందరూ హద్దుల గురించే మాట్లాడారు. ఆ చట్టంలో మాడిసన్‌ను ఇరుకున పెట్టినది హద్దుల కంటే మరొక నిబంధన అని నా గట్టి అభిప్రాయం. అభ్యర్థి పన్నెండు నెలల పాటు ఆ నియోజకవర్గంలోనే నివాసం ఉండాలని శాసనసభ షరతు పెట్టింది.

రాజ్యాంగం ప్రతినిధికి మూడే అర్హతలు చెప్పింది: పాతికేళ్ల వయస్సు, ఏడేళ్ల పౌరసత్వం, ఎన్నిక నాటికి ఆ రాష్ట్రంలో నివాసం. రాష్ట్రంలో అంటే రాష్ట్రంలో ఎక్కడైనా కావచ్చు. అటువంటప్పుడు మాడిసన్ వంటి పేరున్న వ్యక్తి వర్జీనియాలో తనకు అనుకూలమైన మరొక నియోజకవర్గాన్ని ఎంచుకోవచ్చు. ఆ దారిని మూయడానికే ఈ షరతు అని ఆనాడే చాలామంది గ్రహించారు. హద్దు గీత ఒక్కటే అయితే దాటి వెళ్లవచ్చు. ఈ షరతుతో ఆయన ఆ గీత లోపలే పోరాడక తప్పలేదు.

రాష్ట్రాలకు ఇటువంటి షరతు విధించే అధికారం ఉందా అన్న ప్రశ్న తరువాత త్వరలోనే మేరీలాండ్ నుంచి వచ్చింది. 1807లో బాల్టిమోర్ నుంచి గెలిచిన విలియం మెక్‌క్రీరీ ఎన్నికను నివాస షరతు పేరుతో సవాలు చేస్తే, ప్రతినిధుల సభ ఆయన సభ్యత్వాన్నే ఖాయం చేసింది. రాజ్యాంగం చెప్పిన అర్హతలకు రాష్ట్రాలు కొత్తవి చేర్చరాదని సుప్రీంకోర్టు 1995లో పదవీకాల పరిమితుల కేసులో స్పష్టం చేసింది. అంటే 1788 నాటి ఆ నిబంధన నేటి కొలమానంతో చెల్లదు. హెన్రీని తప్పుపట్టదలచుకుంటే హద్దుల కోసం కాదు, దీని కోసం తప్పుపట్టాలి.

తాళపత్రం:

న్యాయపాఠి గారూ, ఈ కోణం నాకు ఇంతవరకు తట్టలేదు. నా ప్రశ్నను సవరించుకోవలసి ఉంది. హద్దులనూ నివాస షరతునూ ఒకే చట్టంగా కలిపి చూస్తేనే దాని ఉద్దేశం అర్థమవుతుంది. కృష్ణాతీరం గారు చెప్పినట్లు ఆకారంలో వంకర లేకపోవచ్చు. కాని ఆకారం చక్కగా ఉన్నంత మాత్రాన ఉద్దేశం చక్కగా ఉన్నట్లు కాదు కదా. ఎక్కడ గీసినా సహజంగా కనిపించే వీలున్నప్పుడు, గీసేవారికి నచ్చిన సహజత్వమే గెలుస్తుంది.

కల్పెపర్ మాట మాత్రం నన్ను వదలడం లేదు. అంత తేడా అక్కడ ఎలా వచ్చింది?

కృష్ణాతీరం:

మీ మొదటి పేరాతో నేను పూర్తిగా ఏకీభవించను, దానికి మళ్లీ వస్తాను. కల్పెపర్ గురించి మాత్రం జవాబు ఉంది, అది బాప్టిస్టులు.

విప్లవానికి ముందు వర్జీనియాలో ప్రభుత్వ మతశాఖ ఆంగ్లికన్ చర్చి. అనుమతి పత్రం లేకుండా బోధించిన బాప్టిస్టు బోధకులను కల్పెపర్ జైలులో పెట్టారు. జేమ్స్ ఐర్లాండ్ అనే బోధకుడు ఆ జైలు కిటికీ ఊచల మధ్య నుంచే బయట గుమిగూడినవారికి బోధించారు. పక్క కౌంటీ జైలులో అయిదారుగురు మంచి మనుషులు తమ మతవిశ్వాసాల కోసం మగ్గుతున్నారని 1774లో ఇరవై రెండేళ్ల మాడిసన్ ఒక మిత్రుడికి ఆవేదనతో రాశారు. 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టాన్ని శాసనసభలో గట్టెక్కించినది కూడా మాడిసనే. ఆ ఉపకారాన్ని బాప్టిస్టులు మరువలేదు.

అయితే 1788 చివర్లో వారిలో ఒక భయం వ్యాపించింది. కొత్త రాజ్యాంగంలో మతస్వేచ్ఛకు హామీ లేదు, మాడిసన్ సవరణలకు ఒప్పుకోరు అన్న ప్రచారం జరిగింది. అందుకు జవాబుగా ఆయన 1789 జనవరి 2న జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకుడికి ఉత్తరం రాశారు. రాజ్యాంగం ఆమోదం పొందకముందు సవరణలను వ్యతిరేకించిన మాట నిజమేననీ, ఇప్పుడు పరిస్థితి మారింది కనుక మనస్సాక్షి స్వేచ్ఛకూ, పత్రికా స్వేచ్ఛకూ, జ్యూరీ విచారణకూ రక్షణ కల్పించే సవరణలను తొలి కాంగ్రెస్సే ప్రతిపాదించాలన్నది తన అభిప్రాయమనీ దాని సారాంశం. ఆ తరువాత ఈవ్ సభలలో ఆయన తరఫున మాట్లాడారు. కల్పెపర్‌లో 256 – 103 వెనుక ఉన్నది ఇది.

మాట ఇచ్చినట్లే 1789 జూన్ 8న, చాలామంది సభ్యులు ఇప్పుడు తొందరేమిటని విసుక్కుంటున్నా, ఆయన సవరణలను సభలో ప్రవేశపెట్టారు. పోటీ లేని నియోజకవర్గం ఆయనకు దొరికి ఉంటే ఆ ఉత్తరం రాసేవారా అని నేను తరచు ఆలోచిస్తాను.

లెక్కల మాస్టారు:

కృష్ణాతీరం గారి పోస్టుకు కొనసాగింపుగా ఒక లెక్క. కాంగ్రెస్ ఆ సెప్టెంబరులో రాష్ట్రాలకు పంపినవి పది సవరణలు కాదు, పన్నెండు. వాటిలో మొదటిది ప్రతినిధుల సభ పరిమాణం గురించే, ముప్పై వేల మందికి ఒక ప్రతినిధి అన్న నిష్పత్తితో మొదలవుతుంది. అది నేటికీ ఆమోదం పొందలేదు. చివరి పదింటికి చాలినంత మద్దతు 1791 డిసెంబరు 15న వర్జీనియా ఆమోదంతోనే పూర్తయింది.

ఇక పునర్విభజన. 1790 జనగణనలో వర్జీనియా జనాభా 7,47,610. అందులో బానిసలు 2,92,627. బానిసలను అయిదింట మూడు వంతులుగా లెక్కించాలన్న రాజ్యాంగ నియమం ప్రకారం ప్రాతినిధ్యానికి తీసుకునే సంఖ్య దాదాపు 6,30,560 అవుతుంది. సీట్ల పంపకం కోసం కాంగ్రెస్ మొదట చేసిన బిల్లును జార్జ్ వాషింగ్టన్ 1792 ఏప్రిల్ 5న తిప్పి పంపారు. అమెరికా చరిత్రలో అధ్యక్షుడు వాడిన మొదటి వీటో ఇదే. ఆ తరువాత 33,000 మందికి ఒకరు చొప్పున చేసిన చట్టంతో వర్జీనియాకు 19 సీట్లు వచ్చాయి. అప్పటికి వర్జీనియాలో భాగంగా ఉండి, తొలి ఎన్నికలో జాన్ బ్రౌన్‌ను పంపిన కెంటకీ ప్రాంతం అదే ఏడాది జూన్‌లో వేరే రాష్ట్రమైపోయింది. అంటే కెంటకీ పోయాక కూడా సీట్లు ఇంచుమించు రెట్టింపయ్యాయి.

బానిసలను అసలు లెక్కలోకి తీసుకోకపోతే? స్వతంత్రులు 4,54,983 మంది. 33,000తో భాగిస్తే 13 సీట్లు.

ఓరుగల్లు పాఠకుడు:

మాస్టారు గారూ, ఆ చివరి రెండు అంకెలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. 19కీ 13కీ మధ్య ఉన్న ఆరు సీట్లు దాదాపు మూడు లక్షల మంది మనుషుల పేరున వచ్చాయి. ఆ మనుషులలో ఒక్కరు కూడా న్యాయస్థానం ముందు నిలబడి పేరు చెప్పి ఓటు వేయలేదు. మంచులో నిలబడి విన్న జర్మన్ రైతుల గురించి మనం ముచ్చటగా చెప్పుకున్నాం. మాడిసన్ ఇంట వంద మందికి పైగా బానిసలు ఉండేవారని చదివాను. ఆ రాత్రి ఆయన ఇంటికి చేరేసరికి గుర్రాన్ని అందుకున్నది ఎవరో ఏ లెక్కలోనూ లేదు. హద్దులు ఎవరికి మేలు చేశాయన్న చర్చలో ఇది కూడా ఉండాలని నా విన్నపం.

న్యాయపాఠి:

పాఠకుడు గారు చెప్పినది చర్చకు వెలుపలి విషయం కాదు, నడిమధ్యలో ఉన్న విషయం. హద్దులు గీయడం కంటే ముందు ఎవరిని లెక్కిస్తామన్న నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయం 1787లో ఫిలడెల్ఫియాలోనే అయిపోయింది, ఆ సమావేశంలో మాడిసన్ కూడా ఉన్నారు.

మన దేశంలో హద్దులు నిర్ణయించేది రాష్ట్ర శాసనసభ కాదు, డీలిమిటేషన్ కమిషన్. దాని ఉత్తర్వులను సాధారణంగా కోర్టులో సవాలు చేసే వీలు కూడా ఉండదు. అమెరికాలో అధిక రాష్ట్రాలలో ఈనాటికీ ఆ కలం శాసనసభల చేతిలోనే ఉంది.

లౌడన్ నుంచి:

1793 ఎన్నిక గురించి ఒక్క మాట. పునర్విభజన తరువాత మాడిసన్ నియోజకవర్గం 15వది అయింది, అక్కడి నుంచి 1797 వరకు సభలో కొనసాగారు. మన్రో అప్పటికే సెనేట్‌లో ఉన్నారు. గ్రేసన్ 1790లో మరణించాక, ఆ ఏడాది చివర్లో శాసనసభ మన్రోను ఎన్నుకుంది. ఒకప్పుడు మాడిసన్‌కు దక్కని సెనేట్ సీటు చివరికి ఆయన మీద ఓడిపోయిన మిత్రుడికి చేరింది. ఇద్దరూ అప్పటినుంచి ఒకే పక్షంలో పనిచేశారు.

కృష్ణాతీరం:

తాళపత్రం గారికి బాకీ ఉన్న జవాబు. ఉద్దేశం ఉందని నేను కూడా ఒప్పుకుంటాను, న్యాయపాఠి గారు చూపిన నివాస షరతు దానికి చాలినంత సాక్ష్యం. కాని ఫలితాలు చూడండి. పది సీట్లలో ఏడు రాజ్యాంగ సమర్థకులు గెలిచారు. వ్యతిరేకులుగా లెక్కించదగినవారు బ్లాండ్, కోల్స్, పార్కర్ ముగ్గురే. రాష్ట్రమంతటా హద్దులను తమకు అనుకూలంగా గీసిన పక్షానికి పదింట మూడు మాత్రమే దక్కాయంటే నమ్మడం కష్టం. ఒక్క మనిషి మీద గురిపెట్టారు అనండి, ఒప్పుకుంటాను. రాష్ట్రాన్ని గీశారు అంటే ఒప్పుకోను.

తాళపత్రం:

ఆ తేడాను నేనూ అంగీకరిస్తున్నాను. చర్చ శీర్షికను మార్చే వీలుంటే నియోజకవర్గాన్ని గీశారా అన్న మాట తీసి చట్టాన్ని చేశారా అన్న మాట పెట్టేవాడిని. 1792లో శాసనసభ 19 నియోజకవర్గాలను ఏ కౌంటీలతో కూర్చిందో పటం మీద గుర్తించడం మొదలుపెట్టాను. ఆరెంజ్, లూయిసా, స్పాట్‌సిల్వేనియా ఈసారి కూడా కలిసే ఉన్నాయి. కొత్తగా పుట్టిన మాడిసన్ కౌంటీ వాటి పక్కన చేరింది. ఆమ్‌హెర్‌స్ట్ విడిపోయింది. మిగిలినవి పూర్తి కాగానే ఇక్కడే పెడతాను. మాస్టారు గారు ఓట్ల లెక్కలు సరిచూస్తే సంతోషిస్తాను.